మా చెల్లెలికి పిలుపు రాలేదు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కొత్త మనిషి కనిపిస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఎవరూ అడిగేవారు కాదు. "ఏం కోర్సు?" అని అడిగేవారు. నాకప్పటికే యాభై దాటాయి. తెల్ల చీర, కళ్ళజోడు, చేతిలో బైబిలు సంచీ. అయినా సరే, మా చెల్లెలి హాస్టల్ మెట్ల మీద ఒక పిల్ల నన్ను ఆపి, "ఆంటీ, మీరు ఫారిన్‌లో ఉంటారంట కదా. ఏ టెక్నాలజీ మీద వెళ్ళారు?" అంది.

"పురుళ్ళు పోసే టెక్నాలజీ మీద వెళ్ళానమ్మా," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "దానికి మార్కెట్ ఉందా ఆంటీ?" అంది.

ఉండదూ మరి! ఆ పిల్లకి నేనెక్కడున్నానో చెబితే మొహం చిన్నబోయింది. ఫారిన్ అంటే అమెరికా అనుకుంది, పాపం. నేనుండేది జాంబియాలో ఒక చిన్న ఊరు. బస్సు రోజుకొకటి, అదీ డ్రైవరు ఒళ్ళు బాగుంటేనే.

మిషనరీ అనగానే మన దేశానికి వచ్చిన దొరలూ దొరసానులూ గుర్తొస్తారు మీకు. ఇక్కడి నుంచి బయటికి వెళ్ళినవాళ్ళమూ ఉన్నాం. నేను గుంటూరులో నర్సింగ్ చదివి, పంజాగుట్టలో ఆఫీసున్న ఒక చిన్న మిషన్ తరఫున వెళ్ళాను. అక్కడేం చేసేవాళ్ళమని అడుగుతారు పిల్లలు. పొద్దున్నే ప్రార్థన చేసుకునేవాళ్ళం. తర్వాత నీళ్ళ పంపు చెడిపోయిందని తెలిసేది. ఆ ప్రార్థనలో కూడబెట్టుకున్న ఓర్పంతా మధ్యాహ్నానికి పంపు దగ్గరే ఖర్చయిపోయేది. మళ్ళీ సాయంత్రం ప్రార్థన. నా విశ్వాస జీవితం గురించి నిజం చెప్పమంటే ఇదే నిజం. తక్కిందంతా సభల్లో చెప్పేది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆసుపత్రి వెనక పొడుగాటి రేకుల ఇల్లు ఒకటి ఉండేది. దూరపు పల్లెల్లో నెలలు నిండిన ఆడవాళ్ళు ముందుగానే నడిచొచ్చి, కాన్పు అయ్యేదాకా అందులో ఉండేవారు. నొప్పులు మొదలయ్యాక బయలుదేరితే ఆ దారిలో ఇద్దరూ క్షేమంగా చేరడం దేవుడి దయ. ఇద్దరూ చేరని రోజులు నేను చూశాను. ఆ ఇంటిని ఒక పెద్దావిడ చూసుకునేది. ఆవిడ గొంతు వింటే కోళ్ళు కూడా గూట్లోకి పోయేవి. ఆవిడకి చూపు తగ్గి, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే గోల. నా కట్టెలు నువ్వు తీశావు, నా ఉప్పు నువ్వు వాడావు. ఎవరి పొయ్యి వాళ్ళదే. అలిగి కొందరు ఇళ్ళకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. అలా వెళ్ళిన ఒకమ్మాయికి దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆ అమ్మాయికి పదిహేడేళ్ళు. నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను.

మా సూపరింటెండెంట్ చెడ్డవాడు కాదు, ఉన్న నలుగురు నర్సులతో నెట్టుకొచ్చే మనిషి. నేను సెలవు మీద వస్తుంటే పిలిచి చెప్పాడు. "ఇక్కడ మనిషిని పెట్టుకుందామంటే జీతానికి డబ్బుల్లేవు. ఆ ఇంట్లోనే ఉండి దాన్ని నడిపే మనిషిని వెంటబెట్టుకుని రండి. దొరకకపోతే చెప్పండి, స్టోరు రూము చేసేస్తాను. నడవని ఇల్లు ఉండటం కంటే లేకపోవడమే నయం."

అదీ నేను మోసుకొచ్చిన బరువు. సెలవు మూడు నెలలు.

దిగింది మా చెల్లెలి దగ్గర. దాని గురించి చెప్పాలి మీకు. మరిది పోయాక, ఉన్న మూడంతస్తుల ఇంట్లో ఆడపిల్లలకి హాస్టల్ పెట్టింది. కూతురికి పెళ్ళి చేసి విశాఖపట్నం పంపింది. జావా, టెస్టింగ్, డాట్ నెట్ అంటూ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలతో మంచానికి మంచానికి మధ్య కాలు పెట్టే చోటు ఉండేది కాదు. బొడ్లో తాళాల గుత్తి, నోట్లో తిట్లు. భక్తి సంగతి అడగొద్దు. ఆదివారం చర్చికి వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. ఆఖర్న ఇచ్చే ఆశీర్వాదం దాకా ఏనాడూ ఉండలేదు. "మీ అయ్యగారి ప్రసంగానికి అంతుండదు అక్కా, నా కోడికూర అడుగంటుద్ది," అని లేచి పోయేది.

నేను వచ్చిన రెండో వారంలో మిషనరీ ఆదివారం పెట్టారు. నేను లేచి నా పని గురించి సాక్ష్యం చెప్పాలి, మనిషి కావాలని అడగాలి. మా మిషన్ కార్యదర్శిగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఉత్సాహం ఎక్కువ. అప్పుడే కంప్యూటర్లు కొత్త కదా, సంఘంలో యువకుల్ని పట్టుకుని తెర మీద బొమ్మలు వేయించారు. నన్నొక మాట అడిగితే ఏం పోయేది!

దీపాలు ఆర్పారు. తెర మీద సింహం. నోరు తెరుచుకుని ఇంత పొడుగు పళ్ళతో. తర్వాత ఏనుగుల గుంపు. తర్వాత ఈటెలు పట్టుకుని గెంతుతున్న మనుషులు. కార్యదర్శిగారు మైకులో, "మన సహోదరి వీటి మధ్యనే ఇన్నేళ్ళుగా ప్రాణాలకు తెగించి పరిచర్య చేస్తున్నారు," అన్నారు. ముందు బెంచీలో ముసలమ్మ ఒకావిడ బుగ్గన చెయ్యి వేసుకుని, "అయ్యో నా తల్లీ," అని కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. లేచి మైకు అందుకున్నాను. "నేను సింహాన్ని ఒక్కసారే చూశానండీ. అది మన జూపార్కులో," అన్నాను.

వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు. ఎవరో కాదు, మా చెల్లెలు. ఆ ఒక్కరోజూ కూర గురించి మర్చిపోయి కూర్చుంది.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను, దారిలో కాన్పయిన ఆ అమ్మాయి సంగతితో సహా. మాది బస్టాండూ మార్కెట్టూ ఉన్న ఊరు, పిల్లలు యూనిఫారాలు వేసుకుని బడికి పోతారు, మాకు ధైర్యవంతులు అక్కర్లేదు, ఉప్పు గురించి ఇద్దరాడవాళ్ళు కొట్టుకుంటుంటే విడదీసే మనిషి కావాలి అన్నాను. అక్కడితో ఆపితే బాగుండేది. నాకూ వయసుతోపాటు ప్రసంగాల జబ్బు పట్టుకుంది. నర్సింగ్ చదివి ఉండాలి, సంఘంలో మంచి పేరుండాలి, అన్నిటికంటే ముందు పిలుపు ఉండాలి అని ముప్పావుగంట సాగదీశాను.

పిలుపంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఫలానా పనికి రమ్మని దేవుడే మనిషి మనసులో మాట్లాడటం. మా సంఘాల్లో మిషనరీ అనేసరికి మొదట అడిగేది అదే. పిలుపు ఎప్పుడు వచ్చింది, ఏ వాక్యం ద్వారా వచ్చింది? నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక ప్రార్థన కూటంలో వచ్చింది. ఒళ్ళంతా వణికి, ఏడ్చి, చెయ్యెత్తాను. అందుకని అందరికీ అలాగే వస్తుందని అనుకునేదాన్ని.

ఆరాధన అయ్యాక నా చుట్టూ జనం మూగారు. గుండె నిండిపోయింది. తీరా చూస్తే ఒకబ్బాయి చేతిలో పాస్‌పోర్టు. "ఆంటీ, అక్కడి నుంచి లండన్‌కి వీసా ఈజీనా?" ఇంకొకాయన, "మా వాడికి సోమవారం కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, మీరు చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి, ఫారిన్ వెళ్ళొచ్చిన చెయ్యి కదా," అన్నారు. చేశాను. ఏం చేస్తాం! వాడికి వీసా వచ్చింది కూడా. దాంతో మర్నాటినుంచి హాస్టల్ ముందు వీసాలవాళ్ళు వరస కట్టారు. మా చెల్లెలు వాళ్ళందరికీ టీ ఇచ్చి, "మా అక్క ఫీజు తీసుకోదు, అదే బాధ," అని ఆటపట్టించేది.

ఒక్క నర్సమ్మాయి మాత్రం మూడోరోజు వచ్చి, "నాకు భారం కలిగిందమ్మా, నేనొస్తాను," అంది. అదే హాస్టల్లో ఉండి లండన్ ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్షలు రాస్తోంది. చక్కటి పిల్ల. నేను కోరినవన్నీ ఉన్నాయి, నోట్లో నాలుక తప్ప. పని నేర్పాను, భాషలో నాలుగు మాటలు నేర్పాను, సూపరింటెండెంట్‌కి ఫోను చేసి ఇల్లు ఉంచండి, మనిషి దొరికింది అన్నాను. నెలన్నర పోయాక ఆ పిల్లకి లండన్ నుంచి ఉద్యోగం వచ్చింది. ఏడుస్తూ కాళ్ళ మీద పడింది. లేపి, వెళ్ళిరామ్మా అన్నాను. ఆ పిల్ల తప్పేం లేదు. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళ చదువులు.

తలుపు వేసుకున్నాక మాత్రం దేవుడితో పోట్లాడాను. మామూలుగా కాదు. "నీ పనే కదా, నా పనా? ఒక్క మనిషిని చూపించలేవా?" అని గట్టిగానే అన్నాను. ఆయనకి అలవాటే.

సెలవు ఇంక మూడు వారాలుంది. ఒకరోజు పొద్దున్నే హాస్టల్లో మోటారు కాలింది. నీళ్ళు లేవు. ఆ రోజే సగంమంది పిల్లలకి ఏదో కంపెనీలో ఇంటర్వ్యూ. మెట్ల మీద బకెట్లు, అరుపులు. కరీంనగర్ పిల్ల, రాజమండ్రి పిల్ల ఒకే బకెట్ రెండు వైపులా పట్టుకుని లాగుతున్నారు.

"గిది నేను ముందుగాల పెట్టిన!"

"నువ్వు పెట్టి పోయి పడుకున్నావు కదే!"

మా చెల్లెలు మధ్యలోకి వచ్చి ఆ నీళ్ళు తీసుకెళ్ళి ఉప్మా గిన్నెలో పోసింది. ఇద్దరూ నోళ్ళు తెరిచారు. "ముందు మీరు తినాలి. తినకుండా వెళ్ళి అక్కడ కళ్ళు తిరిగి పడితే ఉద్యోగం ఎవడిస్తాడు? పదండి," అని ఇద్దరి చేతులూ పట్టుకుని పక్కింట్లో స్నానాలకి లాక్కెళ్ళింది. తక్కినవాళ్ళని నలుగురేసి నాలుగిళ్ళకి పంపింది. వచ్చేసరికి ఉప్మా సిద్ధం. బస్సు వేళకి అందరూ తలలు దువ్వుకుని బయలుదేరారు. బకెట్ కోసం కొట్టుకున్న ఇద్దరూ ఒకే షేర్ ఆటో ఎక్కి వెళ్ళారు.

నేనప్పుడు వరండాలో కూర్చుని, ప్రభువా, ఒక్క మనిషిని చూపించు అని ప్రార్థన చేసుకుంటున్నాను. గోల భరించలేక లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. నవ్వండి, పరవాలేదు. నేనూ నవ్వుకుంటాను.

ఆ సాయంత్రం వంటింట్లో అది చింతపండు నానబెడుతోంది. నేను పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుని పైకే ప్రార్థిస్తున్నాను.

"ఆ ప్రార్థన కాస్త ఆపి చెప్పు అక్కా. అక్కడ బియ్యం దొరుకుతాయా?"

కళ్ళు తెరిచాను. "దొరుకుతాయి. ఎక్కువగా మొక్కజొన్న సంకటి తింటారు. ఎందుకు?"

"చింతపండో?"

"దొరకదు. ఎందుకే?"

"అయితే పట్టుకెళ్ళాలి," అంది, చేతులు కడుక్కుంటూ.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఏమనాలి నేను? లేచి కౌగిలించుకోవాలి కదా. "నువ్వు నర్సువి కావు కదే! నీకు పిలుపు వచ్చిందా?" అన్నాను.

మా చెల్లెలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందుంది. "నీకు మనిషి కావాలా, పిలుపు కావాలా?" అంది.

"నిన్ను వద్దని కాదు..."

"ఆ పిల్ల సంగతి ఆ రోజు చర్చిలో చెప్పావు కదా. దారిలో కాన్పయిన పిల్ల. మా పిల్లల ఈడుదే. అప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు అక్కా. ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నాను. ఎవరూ వెళ్ళట్లేదు." అని కళ్ళు తుడుచుకుని, వెంటనే పొయ్యి దగ్గరి పిల్ల మీద అరిచింది. "పోపు మాడిపోతోంది, కనబడట్లేదా!"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గూ వేసింది. రెండు నెలలుగా ఊరంతా మనిషి కోసం వెతుకుతూ, ఆ మనిషి చేతి కాఫీ తాగి వెతకడానికి బయలుదేరుతున్నాను.

అయితే నేనొప్పుకుంటే చాలదు, మిషన్ పెద్దలు ఒప్పుకోవాలి. పంజాగుట్టలో మెడికల్ షాపు పైన మా ఆఫీసు. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. బల్లకి అటు కార్యదర్శిగారు, మా చర్చి అయ్యగారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ, వీళ్ళందరికీ మించి ఒక పెద్దాయన. ఆయన నవ్వగా చూసినవాళ్ళు సంఘంలో లేరు. మా చెల్లెలు పట్టుచీర కట్టుకొచ్చింది, తాళాల గుత్తి మాత్రం బొడ్లోనే ఉంది. ఇటు గోడ పక్కన నేను. ఈ నలుగురూ కాదంటే నేను ఒంటరిగా వెళ్ళి ఆ ఇంటికి తాళం వెయ్యాలి.

"మీకు పిలుపు ఎప్పుడు వచ్చిందమ్మా?" అన్నారు పెద్దాయన.

"రాలేదండీ," అంది. "అక్కడ పని ఉందని విన్నాను. నాకు ఆ పని వచ్చు."

కార్యదర్శిగారు దగ్గారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆశీర్వాదం దాకా చర్చిలో ఉండరట."

"ఉండనండీ. పిల్లలు ఆకలితో ఉంటారు."

"మీ హాస్టల్ వంటింట్లో వేంకటేశ్వరస్వామి పటం ఉందట?"

"ఉందండీ. పిల్లలు పెట్టుకున్నారు. వాళ్ళుంటున్న ఇల్లు, వాళ్ళ గోడ. నా గదిలో సిలువ ఉంది. దాన్నీ ఎవరూ తియ్యమనలేదు."

పెద్దాయన కాగితాలు సర్దుకున్నారు. అయిపోయిందిరా బాబూ అనుకున్నాను. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తోసుకుని పిల్లలు లోపలికొచ్చారు. మా హాస్టల్ పిల్లలే. ఏడెనిమిదిమంది లోపల, తక్కినవాళ్ళు మెట్ల మీద. ఎవరు చెప్పారో ఏమో, షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చారట.

"ఎవరమ్మా మీరు?" అన్నారు కార్యదర్శిగారు.

కరీంనగర్ పిల్ల ముందుకొచ్చింది. "సార్, మా ఆంటీని పంపకుండ్రి సార్. మీకు దండం పెడ్తం. జరమొస్తె జావ కాసి తాపిస్తది. ఇంటర్వ్యూ పోయి నేను ఏడుస్తుంటె నా పక్కన కూసుని, తెల్లారి మళ్ళ లేపి పంపింది. ఏ దేవునికైనా మొక్కు బిడ్డా, గని అన్నం తిని మొక్కు అంటది. గీమె పోతె మాకెవరు దిక్కు సార్?"

రాజమండ్రి పిల్ల అందుకుంది. "ఆవిడ తిట్టినట్టు మా అమ్మ కూడా తిట్టదండీ. కానీ ఊరికెళ్ళినప్పుడు ఆ తిట్లు లేక నాకేం తోచదు. దయచేసి ఇంకెవరినైనా పంపండి."

మెట్ల మీద ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. మా చెల్లెలు లేచింది. "అందరూ ఇక్కడికి తగలబడితే ఇంట్లో ఎవరున్నారే? పాలు పొయ్యి మీద పెట్టి వచ్చారా ఏం?" అని కసిరింది.

పెద్దాయన ఆ పిల్లల వంక చాలాసేపు చూశారు. "మీరంతా మన సంఘస్థులేనా?" అన్నారు.

"కాద్సార్," అంది కరీంనగర్ పిల్ల. "ఇద్దరే ఉన్నరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తక్కిన ముగ్గురి వైపు తిరిగారు. "మనం ఇన్నేళ్ళుగా మిషనరీలను పంపుతున్నాం. ప్రార్థన చేసి పంపాం, పూలదండలేసి పంపాం. వెళ్ళొద్దని ఏడ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అన్నారు. ఆయన నా వైపు చూడలేదు కానీ, నాకు తగిలింది లెండి. నన్ను పంపినప్పుడు నిజంగానే ఎవరూ ఏడవలేదు. చక్కగా బిర్యానీ తిన్నారు.

"ఇంతమంది వద్దంటున్నారు కాబట్టి ఈవిణ్ణి పంపుదాం," అన్నారు పెద్దాయన. హెడ్మిస్ట్రెస్‌గారు ముందే చెయ్యెత్తేశారు. పిల్లలు ఒక్కసారి ఘొల్లుమన్నారు. పాపం, వాళ్ళు వచ్చింది ఒకందుకు, జరిగింది ఇంకొకటి.

హాస్టల్‌ని మా చెల్లెలు తన తోటికోడలికి అప్పగించింది. ఎవరికి పాలు పడవు, ఎవరు అన్నం సగంలో వదిలేస్తారు, ఎవరికి చీకటంటే భయం, అన్నీ వారం రోజులు కూర్చోబెట్టి చెప్పింది. వీసా రావడానికి కొంత ఆలస్యమైంది. నా సెలవు పెంచమని కబురు పెట్టాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

చింతపండు, ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడితో మేం ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నేరుగా రేకుల ఇంటికి తీసుకెళ్ళాను. తలుపు తీస్తే లోపల సిమెంటు బస్తాలు. కింది నుంచి కిటికీల దాకా. మంచాలు బయట వానకి తుప్పుపట్టి ఉన్నాయి. మేమిక రామనుకుని సూపరింటెండెంట్ అన్నంత పనీ చేసేశాడు. ఆసుపత్రి వరండాలో నేల మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు అప్పుడే మూటలు కట్టుకుని ఇంటిదారి పట్టబోతున్నారు.

నేను గుమ్మంలో కూలబడ్డాను. ప్రభువా అని మొదలుపెట్టాను.

మా చెల్లెలు వరండాలోకి చూసింది. మూటలు కట్టుకున్న ఇద్దరి దగ్గరికీ నడిచింది. అచ్చ తెలుగులో, "ఎక్కడికే పోతున్నారు ఈ ఎండలో? కూర్చోండి," అంది. ఏమర్థమైందో ఏమో, కూర్చున్నారు. తర్వాత కొంగు నడుముకి బిగించి మొదటి బస్తా పట్టుకుని ఈడ్చింది. తోటమాలి పరిగెత్తుకొచ్చాడు. వాచ్‌మన్ వచ్చాడు. సూపరింటెండెంట్ వచ్చి, ఈవిడెవరని నన్నడిగి, నేను జవాబు చెప్పేలోపే కోటు విప్పి బస్తాకి రెండో చివర పట్టుకున్నాడు. ఎందుకంటే మా చెల్లెలు ఆయనకి వేలు పెట్టి అదే చూపించింది.

పొద్దు వాలేసరికి ఇల్లు ఖాళీ. మంచాలు లోపలికొచ్చాయి. తొమ్మిదిమందీ లోపలున్నారు. ఇంటి మధ్యలో ఒకే పొయ్యి, ఒకే పెద్ద గిన్నె. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కళ్ళ నీళ్ళు ఆగట్లేదు. ఆ ఊళ్ళో నన్నందరూ మదర్ అనేవారు. నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మంత్రిగారు వచ్చినా ముందు నాకే కుర్చీ వేసేవారు.

మా చెల్లెలు గరిటెతో వెనక్కి తిరిగింది. "అలా దిష్టిబొమ్మలా నిలబడ్డావేం అక్కా? ఆ మూలనున్న పిల్లకి నడుం నొప్పిగా ఉన్నట్టుంది. పోయి నీళ్ళు కాచుకురా," అంది.

పోయి నీళ్ళు కాచుకొచ్చాను.